పసుపు పెచ్చు మీద క్రీమ్ రాయడం ఆపి, ముందు పరీక్షకి చర్మం ముక్క తీయించండి

మీరు రాసినదాంట్లో నాకు అర్థమైంది ఇదీ. హైదరాబాద్‌లో ఫ్లాట్, ఏడాదిన్నర వయసున్న బియర్డెడ్ డ్రాగన్ (ఆస్ట్రేలియా జాతి పెంపుడు బల్లి). కింది దవడ అంచున చిన్న పసుపు మచ్చ మొదలై, రెండు వారాల్లో గోధుమరంగు పెచ్చు కట్టి గొంతువైపు పాకింది. షాపువాళ్లు చూసి "తామర లాంటిదే" అని మనుషులు రాసుకునే క్రీమ్ చేతిలో పెట్టారు. రాశాక ఎరుపు తగ్గింది, పెచ్చు మాత్రం పెరిగింది. దీనికి తోడు ఊళ్లో పాములు పట్టే మీ బావమరిది ఈమధ్య మొహం మీద పుండ్లున్న జెర్రిపోతుని పట్టి, వదిలేశాక అదే ఖాళీ సంచీతో మీ ఇంటికి వచ్చాడు. అంటుకున్నది అక్కడి నుంచేనా, ఇంట్లో పాపకి ఏమైనా వస్తుందా అని మీ టెన్షన్. నేను వెటర్నరీ డాక్టర్ని, చాలా ఏళ్లుగా సరీసృపాలు చూస్తున్నాను. ఒక్కొక్కటిగా చెబుతాను.

అన్నిటికంటే ముందు ఆ క్రీమ్ ఆపండి. ట్యూబు మీద చిన్న అక్షరాల్లో ఉన్న మందుల పేర్లు చదవండి. క్లోబెటాసాల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్, వీటిలో ఏది కనబడినా అందులో స్టెరాయిడ్ ఉన్నట్టే. తామరకి అని అడిగితే మన మందుల షాపుల్లో చీటీ లేకుండా ఇచ్చే కాంబినేషన్ క్రీముల్లో చాలావాటిలో ఇది ఉంటుంది. స్టెరాయిడ్ ఫంగస్‌ని చంపదు, ఒంట్లో జరిగే ప్రతిఘటనని అణుస్తుంది. ఎరుపూ వాపూ ఆ ప్రతిఘటన వల్లే వస్తాయి కాబట్టి అవి తగ్గుతాయి, చూసేవాళ్లకి నయమవుతున్నట్టు ఉంటుంది. లోపల ఫంగస్‌కి మాత్రం అడ్డు చెప్పేవాడు లేడు. మనుషుల్లోనే తామర ఇంత మొండిగా తయారవడానికి ఈ క్రీములు ఒక కారణమని మన చర్మవైద్యులు నెత్తీ నోరూ బాదుకుంటున్నారు. మీ జంతువులో ఎరుపు తగ్గి పెచ్చు పెరగడం ఆ లెక్కకి సరిగ్గా సరిపోతోంది.

ఫోటో చూసి జబ్బు పేరు ఖాయం చేసేవాళ్ల మాట నమ్మకండి, నాతో సహా. కానీ అనుమానం దేనిమీదో చెప్పొచ్చు. బియర్డెడ్ డ్రాగన్లలో "ఎల్లో ఫంగస్" అని పెంపకందార్లు పిలిచే జబ్బుకి ఎక్కువగా కారణమయ్యేది నానిజియాప్సిస్ గ్వారోయ్ అనే ఫంగస్. పెంపుడు ఇగ్వానాల్లో కూడా ఇదే కనబడుతుంది. నెట్‌లో పాత వ్యాసాలు చదివితే సీఏఎన్‌వీ అనే పేరు తగులుతుంది. అప్పట్లో బల్లిజాతులు, పాములు, మొసళ్లు అన్నిట్లో వచ్చేది ఒకే ఫంగస్ అనుకుని ఆ ఒక్క పేరుతో పిలిచారు. 2013లో డీఎన్‌ఏ పరీక్షలతో తేల్చింది ఏమిటంటే, అది ఒకటి కాదు, వేర్వేరు ప్రజాతులకి చెందిన చాలా జాతుల గుంపు. ఎక్కువగా బల్లిజాతుల్ని పట్టేవి నానిజియాప్సిస్‌లోకి, పాముల్ని పట్టేది ఆఫిడియోమైసిస్‌లోకి, టువాటరా (న్యూజిలాండ్‌లో ఉండే బల్లిలాంటి సరీసృపం) లాంటి మరికొన్నిట్లో దొరికినవి పారానానిజియాప్సిస్‌లోకి వెళ్లాయి. ఉప్పునీటి మొసళ్లకి ప్రత్యేకంగా నానిజియాప్సిస్ క్రొకొడిలై ఉంది. మీ రెండో ప్రశ్నకి, అంటే జెర్రిపోతు సంగతికి, ఈ విభజన పనికొస్తుంది కాబట్టి గుర్తుంచుకోండి.

ఈ ఫంగస్ తినేది కెరటిన్‌ని, అంటే పొలుసుల్లో ఉండే పదార్థాన్నే. మొదట పై పొరలో కూర్చుంటుంది. పొలుసు రంగు మారి, గరుకెక్కి, చిన్న పొక్కులాగా లేచి, ఆపైన పెచ్చు కడుతుంది. తరువాత కింది కండలోకి దిగుతుంది, ముదిరితే ఎముకకీ లోపలి అవయవాలకీ పాకుతుంది. పెచ్చు మీదే దీని బీజాలు గుత్తులుగా తయారవుతాయి. అందుకే ముట్టుకున్న చెయ్యి, కలిపి వాడిన గిన్నె, పక్క ట్యాంకులోకి మార్చిన కర్ర, అన్నీ అంటించేవే. ఇది నిజంగా జబ్బు చెయ్యగలదని 2006లో వెయిల్డ్ ఊసరవెల్లుల మీద ప్రయోగం చేసి నిరూపించారు. చర్మం గీరుకుపోయిన చోటే కాదు, మామూలు చర్మం మీద పెట్టినా కొన్నిటికి పుండ్లు వచ్చాయి. "మంచి ఆరోగ్యంగా ఉంటే ఏ ఫంగస్సూ ఏమీ చెయ్యదు" అని గ్రూపుల్లో ధీమాగా రాసేవాళ్లకి ఈ సంగతి చెప్పండి.

అయితే పసుపు పెచ్చు కనబడిన ప్రతిదీ ఇది కాదు. బల్బు మరీ దగ్గరగా ఉంటే కాలిన గాయం ఇలాగే ఉంటుంది, కాకపోతే అది సాధారణంగా వీపు మీదో తల మీదో వస్తుంది. కుబుసం పూర్తిగా ఊడకుండా పొరలు పొరలుగా మిగిలిపోతే ఆ అంచులూ పసుపెక్కుతాయి. బియర్డెడ్ డ్రాగన్లకి చిగుళ్ల జబ్బు చాలా మామూలు. పళ్ల దగ్గర చీము పట్టి దవడ అంచు ఉబ్బితే బయటి నుంచి చర్మజబ్బులాగే కనబడుతుంది. మీది దవడ అంచునే మొదలైంది కాబట్టి నోరు తెరిచి చూడకుండా ఏ డాక్టరూ వదలకూడదు. డెవ్రీసియా అగామారమ్ అని ఒక బ్యాక్టీరియా ఉంది, 2008లో పేరు పెట్టారు. ముళ్లతోక బల్లుల్లో ఇది మూతి చుట్టూ దట్టమైన పెచ్చులు కట్టిస్తుంది. బియర్డెడ్ డ్రాగన్లు పైకి ఏమీ లేకుండానే దాన్ని మోస్తూ తిరగొచ్చు. దానికి యాంటీబయాటిక్ కావాలి, ఫంగస్ మందు ఎన్నాళ్లు పోసినా దండగే.

అందుకే ముక్క తీయించమంటున్నాను. ఈ విషయం దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే నా దగ్గరికి వచ్చే కేసుల్లో సగం తిప్పలు ఇక్కడే.

మామూలుగా జరిగేది ఏమిటంటే, పెచ్చు మీద దూదిపుల్ల రుద్ది ల్యాబుకి పంపుతారు. నాలుగు రోజులకి రిపోర్టులో "ఆస్పర్జిల్లస్ పెరిగింది" అని వస్తుంది. దాన్ని పట్టుకుని మందు మొదలుపెడతారు. కానీ ఆస్పర్జిల్లస్, పెనిసిలియమ్, క్లాడోస్పోరియమ్ లాంటి బూజులు ఆరోగ్యంగా ఉన్న సరీసృపాల ఒంటి మీద కూడా ఎప్పుడూ ఉండేవే. గాలిలోంచి పడతాయి, మట్టిలోంచి అంటుకుంటాయి. పైన రుద్ది తీసిన దాంట్లో అవి కనబడటం వల్ల మనకి తెలిసేదేమీ లేదు. 2003లో అచ్చయిన ఒక అధ్యయనంలో పెంపుడు పాములూ బల్లుల నుంచి 127 కుబుసాలు తీసుకుని పరీక్షించారు. మామూలు బూజులు బోలెడు దొరికాయి గానీ, అప్పట్లో సీఏఎన్‌వీ అన్న ఆ ఫంగస్ ఒక్క కొండచిలువ కుబుసంలో తప్ప ఎక్కడా దొరకలేదు. అంటే ఇది ఒంటి మీద ఊరికే పడి ఉండే రకం కాదు. పుండులోంచి నానిజియాప్సిస్ పెరిగిందంటే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఆస్పర్జిల్లస్ పెరిగిందంటే మాత్రం అది కండలోకి దిగిందని చూపిస్తేనే నమ్మాలి.

చూపించే మార్గం బయాప్సీ ఒక్కటే. మత్తిచ్చి, పెచ్చు అంచున, మంచి చర్మమూ పాడైన చర్మమూ రెండూ వచ్చేలా చిన్న ముక్క కోస్తారు. మధ్యలోంచి తీస్తే చచ్చిన పెచ్చు తప్ప ఏమీ రాదు. ఆ ముక్కని రెండు చెయ్యాలి. ఒకటి ఫార్మలిన్‌లో పాథాలజీకి. మామూలు రంగుతో పాటు ఫంగస్‌ని చూపించే పీఏఎస్, సిల్వర్ స్టెయిన్ అనే రంగులు కూడా వెయ్యమని చీటీ మీద రాయించండి, అప్పుడే ఫంగస్ పోగులు కండలోకి దిగాయో లేదో స్పష్టంగా కనబడుతుంది. రెండోది స్టెరైల్ సెలైన్‌లో కల్చర్‌కి, అంటే ల్యాబులో ఫంగస్‌ని పెంచి చూడటానికి. చాలామంది పొరపాటున రెండూ ఫార్మలిన్‌లోనే వేస్తారు, ఇక అందులో ఏదీ పెరగదు.

కల్చర్ చేసే ల్యాబుకి కూడా నోరు తెరిచి చెప్పాలి. మనుషుల శాంపిళ్లు చూసే ల్యాబులు అలవాటుగా 37 డిగ్రీల్లో పెడతాయి. సరీసృపాల ఫంగస్‌లలో కొన్నిటికి ఆ వేడి గిట్టదు. ఫంగస్ పెంచడానికి వాడే సబురాడ్ మీడియం మీద 25 నుంచి 30 డిగ్రీల్లో పెట్టి, కొన్ని వారాలు పారేయకుండా చూడమనండి. ఇంకో చిక్కు ఉంది. ప్లేటులో తెల్లటి పిండిలాగా పెరిగే నానిజియాప్సిస్‌ని చూసి ట్రైకోఫైటాన్ అనో జియోట్రైకమ్ అనో వేరే ఫంగస్‌ల పేర్లతో రిపోర్టు ఇచ్చిన సందర్భాలు వైద్య సాహిత్యంలోనే చాలా ఉన్నాయి. బియర్డెడ్ డ్రాగన్ పుండులోంచి "ట్రైకోఫైటాన్" అని వస్తే నేను ఆ పేరుని నమ్మను, డీఎన్‌ఏ సీక్వెన్సింగ్‌కి పంపిస్తాను. రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీలోనూ, తిరుపతి వెటర్నరీ యూనివర్సిటీలోనూ పాథాలజీ విభాగాలు ఉన్నాయి. మీ డాక్టర్ చేత ముందుగా ఫోన్ చేయించి, ఏది ఎలా పంపాలో కనుక్కుని వెళ్లండి.

ఇక మందు సంగతి. 2010లో బెల్జియం పరిశోధకులు ఈ జబ్బు వచ్చిన 14 బియర్డెడ్ డ్రాగన్లని రెండు గుంపులు చేసి, ఏడింటికి ఇట్రాకొనజోల్, ఏడింటికి వోరికొనజోల్ ఇచ్చారు, రెండూ ఫంగస్ మందులే. ఇట్రాకొనజోల్ ఇచ్చినవాటిలో రెండే బతికాయి. వోరికొనజోల్ గుంపులో చచ్చిపోయింది ఒకటే. చిన్న అధ్యయనమే, కానీ తేడా కొట్టొచ్చినట్టు ఉంది. అప్పటి నుంచి చాలామంది డాక్టర్లు వోరికొనజోల్‌నే ముందు ఎంచుకుంటున్నారు. ఇది చదివి మీరు మెడికల్ షాపుకి బయల్దేరతారని తెలుసు, అందుకే లెక్క కూడా చెబుతాను. ఆ అధ్యయనంలో వాడిన మోతాదు కిలోకి 10 మిల్లీగ్రాములు. మీ జంతువు 350 గ్రాములుంటే ఒక పూటకి మూడున్నర మిల్లీగ్రాములు. మాత్ర వచ్చేది 200 మిల్లీగ్రాముల్లో. అంటే ఒక మాత్రని 57 సమాన భాగాలు చెయ్యాలి. బ్లేడుతో ఇంట్లో కుదిరే పని కాదు. కొంచెం ఎక్కువైనా కాలేయం మీద పడుతుంది. సరిగ్గా కొలిచి ద్రవంగా కలిపి ఇవ్వగల డాక్టర్ దగ్గరే తీసుకోండి, మధ్యమధ్యలో రక్తపరీక్ష అంటే వద్దనకండి.

ఒక జంతువుకి పనికొచ్చింది ఇంకోదానికి పనికిరాదన్నది కూడా ఇక్కడే చెప్పాలి. అదే వోరికొనజోల్‌ని అమెరికాలో కాటన్‌మౌత్ పాములకి ఇంజెక్షన్‌గా ఇచ్చి చూసినప్పుడు కొన్ని చచ్చిపోయాయి. పాముల్లో టెర్బినఫైన్ అనే ఇంకో ఫంగస్ మందుని నెబ్యులైజర్‌తో పట్టించడం, చర్మం కింద నెమ్మదిగా కరిగే ముక్కగా పెట్టడం లాంటివి పరీక్షించి చూశారు. కాబట్టి బాల్ పైథాన్ పెంచే స్నేహితుడు ఈ జవాబులోని మోతాదు అడిగితే ఇవ్వకండి.

మందొక్కటే చాలదు. వదులుగా ఉన్న పెచ్చుని డాక్టర్ తీసేస్తారు, కింద ఎర్రటి మాంసం కనబడుతుంది, చూడ్డానికి భయంగానే ఉంటుంది. దాని మీద బాగా పల్చన చేసిన పోవిడోన్ అయోడిన్, పైపూతగా స్టెరాయిడ్ లేని మందు. నోటి పక్కన పుండు ఉన్న జంతువు తినడం తగ్గిస్తుంది కాబట్టి సిరంజితో పట్టించాల్సి రావచ్చు. గ్రాముల్లో చూపించే వంటింటి కాటా ఒకటి కొనండి, వారానికోసారి తూచి రాసుకోండి. మందు పనిచేస్తోందో లేదో పెచ్చు కంటే బరువే ముందు చెబుతుంది. చికిత్స వారాలు కాదు, నెలలు సాగొచ్చు. పుండు మానినట్టు కనబడిన రోజే ఆపితే తిరగబెడుతుంది. రెండు మూడు కుబుసాలు శుభ్రంగా ఊడి, మళ్లీ పరీక్షలో ఏమీ పెరగకపోతే అప్పుడు ఆపే మాట.

మొహమాటం లేకుండా చెప్పాలంటే, దవడ ఎముకలోకి దిగిపోయిన కేసుల్లో మందిచ్చినా చాలావరకు దక్కవు. అలాంటప్పుడు నొప్పి లేకుండా పంపేయడం గురించి డాక్టర్ మాట్లాడితే అది చేతగానితనం అనుకోకండి. మీది మొదలై ఎన్నో రోజులు కాలేదు, ఎక్స్‌రేలో ఎముక బాగుంటే ప్రయత్నించదగ్గ కేసే.

ఇప్పుడు ట్యాంకు. మీ ఫోటోలో కింద పరిచింది కొబ్బరి పొట్టు. మన దగ్గర చవగ్గా దొరుకుతుంది కాబట్టి అందరూ అదే వేస్తారు. ఆస్ట్రేలియా లోపలి పొడి నేలల్లో బతికే జంతువుకి 30-40 శాతం తేమ చాలు. వానాకాలంలో హైదరాబాద్ గాలిలోనే 70 శాతం దాటుతుంది, విజయవాడ, విశాఖల్లో అయితే చెప్పక్కర్లేదు. దానికి తోడు నీళ్లు పీల్చి పట్టుకునే కొబ్బరి పొట్టు, పొద్దున్నే స్ప్రే కొట్టే అలవాటు, పైన మూసేసిన అద్దం మూత. పొట్ట కింది చర్మం ఇక ఆరేదెప్పుడు? పొట్టు మొత్తం తీసి పారేయండి. చికిత్స అయ్యేదాకా న్యూస్‌పేపరో టిష్యూనో పరిచి రోజూ మార్చండి. మూత స్థానంలో జాలీ పెట్టండి.

వేడి కూడా చూసుకోవాలి. సరీసృపానికి ఒంట్లో సొంత పొయ్యి లేదు. జబ్బుతో పోరాడే కణాలు చురుగ్గా పనిచెయ్యాలంటే బయటి నుంచి వేడి అందాలి. ఎండ కాచుకునే చోట రాయి ఉపరితలం 40 డిగ్రీల దగ్గర, రెండో చివర 25-28 ఉండాలి, ఎక్కడ కూర్చోవాలో అదే తేల్చుకుంటుంది. గోడకి అంటించే గుండ్రటి థర్మామీటర్లు పెద్దగా పనికిరావు, ఉపరితలం కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్ కొనండి. యూవీబీ (ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాల్లో ఒక రకం) ట్యూబు వెలుగుతున్నంత మాత్రాన యూవీబీ వస్తున్నట్టు కాదు, కంపెనీ చెప్పిన గడువు దాటితే మార్చాల్సిందే. కిటికీ అద్దంలోంచి పడే ఎండ లెక్కలోకి రాదు, అద్దం యూవీబీని ఆపేస్తుంది.

చెక్క, బెరడు, ఊయల గుడ్డ లాంటివి పారేయండి, వాటి సందుల్లోంచి బీజాల్ని కడగడం కుదరదు. అద్దం, పింగాణీ గిన్నెలు ముందు సబ్బుతో కడిగి మురికి పోగొట్టి, తరువాత ఒక వంతు బ్లీచ్‌కి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు నానబెట్టి, బాగా కడిగి ఎండలో ఆరబెట్టండి. మురికి మీద పోసిన బ్లీచ్ సగం పని కూడా చెయ్యదు. ఇంట్లో ఇంకో జంతువు ఉంటే ముందు దాని పని చూసుకుని, జబ్బుదాని దగ్గరికి చివర్లో వెళ్లండి. ఒకదాని దగ్గర మిగిలిన పురుగుల్ని ఇంకోదానికి వెయ్యకండి. కొత్తగా కొన్న జంతువుని మూడు నెలలు వేరే గదిలో ఉంచే అలవాటు మన దగ్గర దాదాపు ఎవరికీ లేదు. షాపుల్లో ఒకే ట్యాంకులో నాలుగు పిల్లల్ని కుక్కి అమ్ముతారు, అవి కొనుక్కొచ్చి నేరుగా పాతదాని పక్కన పెడతారు. మీ జంతువుకి ఇది ఎక్కడి నుంచి వచ్చిందని నన్నడిగితే, నేను ముందు అటువైపే చూస్తాను.

జెర్రిపోతువైపు కాదు. బావమరిదిని అనుమానించడం మానేయండి. పాముల్లో మొహం మీద పుండ్లు పెట్టే ప్రసిద్ధమైన ఫంగస్ ఆఫిడియోమైసిస్ ఆఫిడియికోలా. అది ప్రధానంగా పాముల జబ్బు, బియర్డెడ్ డ్రాగన్లకి వచ్చే ఎల్లో ఫంగస్ దానివల్ల రాదు. పైగా ఆ జెర్రిపోతుకి ఫంగస్ ఉందనీ రుజువు లేదు. చేపల వలలో ఇరుక్కున్న గాయాలు, ఎలుక కరిచిన గాట్లు, పాము పేలు, ఇవన్నీ మామూలే. ప్లాస్టిక్ డబ్బాలో పెట్టిన పాము బయటపడదామని మూతకేసి ముక్కు రాసి రాసి, ముట్టె మీది పొలుసు ఊడి పుండు పడటం అయితే పాములు పట్టేవాళ్లందరికీ తెలిసిన దృశ్యమే.

అయినా అడవి పాముల కథ తెలుసుకోదగ్గది, ఎందుకంటే ఈ జబ్బుల గురించి ప్రపంచం సీరియస్‌గా తీసుకున్నది అక్కడి నుంచే. అమెరికాలో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో టింబర్ రాటిల్ స్నేక్‌లు ఒకే ఒక్క చోట మిగిలాయి. 2006లో, వానలు విపరీతంగా పడిన ఏడాది, వాటిలో దాదాపు సగం పోయాయి. ఒంటి మీదా నోట్లోనూ పుండ్లు కనబడ్డాయి. చుట్టుపక్కల పాములతో సంబంధం లేక, తమలో తామే జతకట్టి జన్యు వైవిధ్యం తగ్గిపోయిన గుంపు అది. వాన, ఫంగస్, జన్యు బలహీనత మూడూ కలిసి కొట్టిన దెబ్బ. 2008లో ఇల్లినాయ్‌లో మూడు ఈస్టర్న్ మస్ససాగా పాములు మొహాలు గుర్తుపట్టలేనంతగా వాచి చచ్చిపోయాయి. ఆ ఫంగస్‌కి పేరు పెట్టింది 2009లో, జార్జియా రాష్ట్రంలో ఒక పెంపుడు బ్లాక్ ర్యాట్ స్నేక్‌లో దొరికినదాన్ని బట్టి. అడవిలో మరణాలు ఒకపక్క, పెంపకంలో పేరు ఒకపక్క నడిచాయన్నమాట.

ఇదే అసలు కారణమని 2015లో ప్రయోగంతో తేల్చారు. పెంపకంలో పుట్టిన కార్న్ స్నేక్‌ల చర్మం మీద ఫంగస్ పెడితే అడవి పాముల్లో కనబడే పుండ్లే వచ్చాయి. అంతకంటే నాకు ఆసక్తిగా అనిపించింది వాటి ప్రవర్తన. అవి మాటిమాటికీ కుబుసం విడిచాయి, తిండి మానేశాయి, దాక్కోకుండా బయట కనబడేలా పడుకున్నాయి. కుబుసం విడవడం అంటే ఫంగస్ పట్టిన పొరని వదిలించుకోవడమే, చాలా పాములు అలాగే బయటపడతాయి కూడా. కానీ అడవిలో అలా ఆరుబయట పడుకున్న పాము గద్ద కంట్లో పడుతుంది, చలిరోజున బయటికొస్తే బిగుసుకుపోతుంది. ఫంగస్ నేరుగా చంపకపోయినా ఆ రకంగా చంపుతుంది.

బ్రిటన్‌లో, చెక్ రిపబ్లిక్‌లో అడవి పాముల్లో ఈ ఫంగస్ ఉందని 2017లో బయటపెట్టారు, ఆ తరువాత తైవాన్‌లోనూ దొరికింది. మ్యూజియంలో సీసాల్లో ఉన్న పాత పాముల్ని తీసి వెతికితే అమెరికాలో 1945 నాటి పాములోనే ఈ జబ్బు కనబడింది. కాబట్టి నిన్నమొన్న పుట్టింది కాదు. అలాగని అమెరికాలో ఎప్పటి నుంచో ఉన్నదీ కాదు. అక్కడి రకాలు బయటి నుంచి, అదీ ఒకటికి ఎక్కువసార్లు వచ్చి ఉంటాయని 2022 నాటి జన్యు అధ్యయనం చెబుతోంది. దేశాల మధ్య పాముల వ్యాపారం మీద ఇప్పుడు అందరి వేళ్లూ చూపిస్తున్నాయి, నా వేలు కూడా.

బల్లుల వైపు ఇలాంటిదే బ్రిస్బేన్‌లో జరిగింది. ఆ ఊరి పార్కుల్లో వాటర్ డ్రాగన్లు మన కాలనీ గోడల మీద తొండల్లాగా జనం మధ్యే తిరుగుతుంటాయి. 2013 నుంచి వాటి ఒంటి మీద పుండ్లు కనబడసాగాయి. కారణం నానిజియాప్సిస్ బార్బటే, అంతకుముందు పెంపకంలోని కోస్టల్ బియర్డెడ్ డ్రాగన్లలో చూసిన ఫంగస్. తరువాత ఆస్ట్రేలియాలో ఇంకొన్ని చోట్ల వేరే అడవి బల్లుల్లోనూ దొరికింది. మీ జంతువుది అదే జాతి ఫంగస్ అనడం లేదు. కానీ దీని దగ్గర్నుంచి తీసిన కొబ్బరి పొట్టుని మీరు అపార్ట్‌మెంట్ కింద మొక్కల్లో పోస్తే, అక్కడ తిరిగే తొండలకి మనం ఏం అంటిస్తున్నామో ఎవరు చూడొచ్చారు? కవర్లో గట్టిగా కట్టి చెత్తబండిలోనే వెయ్యండి. విసుగొచ్చి జంతువునే పార్కులో వదిలేయాలనే ఆలోచన ఎవరికైనా వస్తే, అది ఆ జంతువుకీ ఇక్కడి జంతువులకీ రెండిటికీ ద్రోహం.

మీ బావమరిదికి మాత్రం ఒక మాట చెప్పండి. ఒక సంచీలో ఒకే పాము. వదిలాక సంచీని ఉతికి, బ్లీచ్ నీళ్లలో ముంచి, ఎండలో ఆరేసి అప్పుడు ఇంకోదానికి వాడాలి. పాములు పట్టే హుక్కుని పాముకీ పాముకీ మధ్య 70 శాతం ఆల్కహాల్‌తో తుడవాలి. ఎక్కడ పట్టింది అక్కడికి దగ్గర్లోనే, అటవీశాఖ వాళ్లకి చెప్పి వదలాలి. మండలం దాటించి "మంచి అడవి" అని వదిలితే పాముతో పాటు దాని ఒంటి మీదవి కూడా కొత్త ఊరికి చేరతాయి. మళ్లీ మొహం మీద పుండ్లున్న పాము దొరికితే పసుపూ సున్నమూ పెట్టకుండా, ఇంట్లో ఉంచుకోకుండా, ఫోటో తీసి అటవీశాఖకి అప్పగించాలి. 1972 వన్యప్రాణి చట్టం కింద మన పాముల్ని దయతో అయినా సరే సొంతంగా ఇంట్లో పెట్టుకోవడం నేరం.

కింద కామెంట్లలో ఎవరో తాబేలు గురించి అడిగారు. డిప్ప మీద తెల్ల మచ్చలున్న నీటి తాబేలు కథ వేరు. వాటిలో ఎమిడోమైసిస్ టెస్టావోరన్స్ అని డిప్పనే తినే ఫంగస్ ఉంది, 2019లో వర్ణించారు. కానీ మన దగ్గర చూసే రెడ్ ఇయర్డ్ స్లైడర్లలో ఎక్కువ భాగం మురికి నీళ్లు, ఎక్కి ఆరడానికి చోటు లేకపోవడం వల్ల వచ్చే బ్యాక్టీరియా పుండ్లే. ఫోటోలు పెట్టి వేరే ప్రశ్నగా అడగండి.

పాప విషయం. సరీసృపాల్లో జబ్బు చేసే ఈ ఫంగస్‌లు ఇంట్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి అంటుకోవడం గురించి భయపడాల్సిన పని లేదు. మనుషుల్లో అరుదుగా, అదీ రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లలో దొరికిన నానిజియాప్సిస్‌లు వేరే జాతులు. మీరు నిజంగా భయపడాల్సింది సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా గురించి. పైకి ఏ జబ్బూ లేని సరీసృపం కూడా మలంలో దాన్ని విడుస్తుంది, చిన్నపిల్లలకి అది ప్రమాదం. ఐదేళ్ల లోపు పిల్లల్ని, ఇంట్లో కీమోథెరపీ లాంటివి తీసుకుంటున్నవాళ్లని ఈ జంతువులకి దూరంగా ఉంచమనే నేనెప్పుడూ చెబుతాను. గిన్నెలు వంటింటి సింకులో కడగకండి, చికిత్స చేసేటప్పుడు గ్లౌజులు వేసుకోండి, తీశాక సబ్బుతో చేతులు కడుక్కోండి. మీకే చేతి మీద గుండ్రంగా దురద మచ్చ వస్తే అది మామూలు తామర అయ్యే అవకాశమే ఎక్కువ. చర్మ డాక్టర్‌కి చూపించండి, డ్రాగన్‌కి తెచ్చిన ఆ ట్యూబు మాత్రం రాసుకోకండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు క్రీమ్ ట్యూబు, ట్యాంకులో రెండు చివర్ల ఉష్ణోగ్రతలు, బరువు, కొన్నప్పటి నుంచి ఇంటికి వచ్చిన ఇతర జంతువుల వివరాలు రాసుకుని తీసుకెళ్లండి. బయాప్సీ రిపోర్టు వచ్చాక పేర్లూ నంబర్లూ చెరిపేసి ఇక్కడే పెట్టండి. కల్చర్ ఏ ఉష్ణోగ్రతలో, ఎన్ని రోజులు పెట్టారో కూడా కనుక్కుని రాయండి, అది లేకపోతే "ఏమీ పెరగలేదు" అన్న మాట దగ్గర నేనూ మీరూ ఇద్దరం ఆగిపోతాం.